4 జీబీ పైన ఉన్న మెమరీతో లినక్స్ డ్రైవర్ రాయడం ఎలా

2 జీబీ ర్యామ్ ఉన్న బోర్డు మీద ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన పీసీఐఈ కార్డుని 16 జీబీ మెషీన్‌లో పెట్టగానే మెమరీ పాడవడం మొదలవుతుంది. క్రాష్ మాత్రం మీ డ్రైవర్‌లో కనబడదు. ఫైల్ సిస్టమ్ చెక్‌సమ్ తప్పుతుంది, లేదా ఎవరిదో స్లాబ్ ఆబ్జెక్ట్ చెడిపోయిందని కెర్నల్ లాగ్‌లో వస్తుంది. ఇలాంటప్పుడు మొట్టమొదట అనుమానించాల్సింది చిరునామాని. దాని పై 32 బిట్లు దారిలో ఎక్కడో రాలిపోయి ఉంటాయి.

బఫర్ హెక్సాలో 1 2345 6000 దగ్గర ఉందనుకుందాం. డివైస్ రిజిస్టర్‌లోకి 32 బిట్లే వెళ్లాయి కాబట్టి దానికి అందింది 2345 6000. ఆ చోట కూడా ర్యామే ఉంది, కాకపోతే అది ఇంకెవరిదో. డివైస్ అక్కడే రాసేస్తుంది. పీసీఐఈ దృష్టిలో అది సక్రమమైన రైట్ కాబట్టి బస్ మీద ఎర్రర్ కూడా రాదు.

ఈ గైడ్ లినక్స్ డ్రైవర్లు రాసేవాళ్ల కోసం, ముఖ్యంగా పీసీఐఈ కార్డుతోనో ఎస్ఓసీలోని డీఎంఏ బ్లాక్‌తోనో పనిచేసేవాళ్ల కోసం. డీఎంఏ అంటే సీపీయూ ప్రమేయం లేకుండా డివైసే నేరుగా మెమరీని చదవడం, రాయడం. పాటించాల్సినవి రెండే. మీ డివైస్ ఎన్ని బిట్ల చిరునామాని మోయగలదో కెర్నల్‌కి ఉన్నదున్నట్టు చెప్పాలి. కెర్నల్ తిరిగి ఇచ్చిన చిరునామాలో ఒక్క బిట్ కూడా పోకుండా దాన్ని రిజిస్టర్ దాకా చేర్చాలి. మధ్యలో చిరునామాని మీరే సొంతంగా లెక్కగట్టారంటే చిక్కు అక్కడే మొదలవుతుంది.

## ముందు టైపులు సరిచూసుకోండి

సీపీయూ కోడ్ వాడే వర్చువల్ చిరునామా, ర్యామ్‌కి ఉండే ఫిజికల్ చిరునామా, డివైస్‌కి కనబడే బస్ చిరునామా వేర్వేరు. ఎక్స్86 పీసీలో ఐఓఎంఎంయూ (డివైస్ చిరునామాలని ఫిజికల్ చిరునామాలుగా అనువదించే హార్డ్‌వేర్) ఆపేసి ఉంటే చివరి రెండూ ఒకే అంకె అవుతాయి. చాలామంది డ్రైవర్ రైటర్లకి చెడు అలవాటు అంటుకున్నది అక్కడే. ఫిజికల్ చిరునామాకి ఫిస్_అడ్ర్_టీ, డివైస్ చిరునామాకి డీఎంఏ_అడ్ర్_టీ, బార్ (డివైస్ రిజిస్టర్లు, మెమరీ ఏ చిరునామాలో కనబడాలో చెప్పే పీసీఐ రిజిస్టర్) లాంటి రిసోర్స్‌లకి రిసోర్స్_సైజ్_టీ వాడండి. అన్‌సైన్డ్ లాంగ్‌లో వీటిలో ఏదీ పెట్టకండి.

64 బిట్ల కెర్నల్‌లో అన్‌సైన్డ్ లాంగ్ కూడా 64 బిట్లే కాబట్టి తప్పు బయటపడదు. 32 బిట్ల కెర్నల్‌లో అలా కాదు. 1995లో పెంటియం ప్రో తెచ్చిన పీఏఈతో ఫిజికల్ చిరునామా 36 బిట్లకి, అంటే 64 జీబీకి చేరింది. ఆర్మ్‌లో ఎల్‌పీఏఈ దాన్ని 40 బిట్లు చేసింది, అంటే 1 టీబీ. రెండు చోట్లా అన్‌సైన్డ్ లాంగ్ మాత్రం 32 దగ్గరే ఉండిపోయింది.

కోడ్‌లో ముఖ్యంగా వెతకాల్సిన వాక్యం ఇది:

ఫిస్_అడ్ర్_టీ పీఏ = పేజ్_టు_పీఎఫ్ఎన్(పేజ్) << పేజ్_షిఫ్ట్;

ఎడమవైపు 64 బిట్ల టైపు ఉంది కదా అని నమ్మేస్తాం. కానీ పేజ్_టు_పీఎఫ్ఎన్ ఇచ్చేది అన్‌సైన్డ్ లాంగ్. 32 బిట్ల కెర్నల్‌లో షిఫ్ట్ ఆ 32 బిట్లలోనే జరుగుతుంది, పై బిట్లు పోతాయి, మిగిలినదే ఎడమవైపు విస్తరిస్తుంది. కంపైలర్ హెచ్చరిక కూడా ఇవ్వదు. ముందే క్యాస్ట్ చేసి షిఫ్ట్ చేసే పీఎఫ్ఎన్_ఫిస్ మాక్రో సరిగ్గా దీని కోసమే ఉంది. దాన్నే వాడండి.

వర్ట్_టు_ఫిస్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అది కెర్నల్ లీనియర్ మ్యాప్‌లో ఉన్న చిరునామాలకే పనికొస్తుంది. వీమాలక్ బఫర్ ఇస్తే, స్టాక్ మీది వేరియబుల్ ఇస్తే, హైమెమ్ పేజీ ఇస్తే వచ్చే అంకెకి అర్థం ఉండదు. సరైన బఫర్ ఇచ్చినా వచ్చేది సీపీయూ వైపు చిరునామా, దాన్ని డివైస్‌కి ఇవ్వకూడదు. డ్రైవర్‌లో వర్ట్_టు_ఫిస్ ఫలితం నేరుగా రిజిస్టర్‌లోకి వెళ్తోందంటే ఆ కోడ్ తిరగరాయాల్సిందే.

లాగ్‌లో ముద్రించేటప్పుడూ బిట్లు పోతాయి. %ఎక్స్ పెట్టి, యూ32కి క్యాస్ట్ చేసి ప్రింట్ చేస్తే, పై సగం పోయింది రిజిస్టర్‌లోనా లాగ్‌లోనా తెలియక గంటలు గడుస్తాయి. ఫిజికల్ చిరునామాకి %పీఏ, డీఎంఏ చిరునామాకి %పీఏడీ, రిసోర్స్‌కి %పీఆర్ వాడండి. మొదటి రెండిటికీ విలువని కాదు, ఆ వేరియబుల్ పాయింటర్‌ని ఇవ్వాలి. అది మరిచి విలువే ఇస్తే కెర్నల్ దాన్ని పాయింటర్ అనుకుని చదవబోతుంది.

## మాస్క్: డివైస్ శక్తి గురించి నిజం చెప్పడం

ప్రోబ్‌లో, అంటే డివైస్ దొరకగానే కెర్నల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్‌లో, పీసీఐ_ఎనేబుల్_డివైస్ అయ్యాక, ఏ బఫరూ తీసుకోకముందే ఈ వరుస రావాలి:

రెట్ = డీఎంఏ_సెట్_మాస్క్_అండ్_కొహెరెంట్(డెవ్, డీఎంఏ_బిట్_మాస్క్(64));

ఇది పిలవకపోతే మాస్క్ 32 బిట్ల దగ్గరే ఉంటుంది. డ్రైవర్ పనిచేస్తుంది గానీ 4 జీబీ పైన ఉన్న ప్రతి బఫర్‌నీ కెర్నల్ కింది మెమరీలోకి కాపీ చేసి ఇవ్వాల్సి వస్తుంది. కార్డు వేగం సగానికి పడిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో ఇది కూడా చూడాల్సిన కారణం.

64 కుదరకపోతే 32తో మళ్లీ ప్రయత్నించే రెండు మెట్ల కోడ్ పాత డ్రైవర్లలో చాలావాటిలో కనబడుతుంది. ఇప్పటి కెర్నళ్లలో అది అనవసరం. మాస్క్ అంటే డివైస్ చేరగల గరిష్ఠ పరిధి. ప్లాట్‌ఫామ్‌కి అవసరమైన దానికంటే పెద్ద మాస్క్ ఇస్తే కెర్నల్ ఎప్పుడూ కాదనదు. కాదనేది మరీ చిన్న మాస్క్ ఇచ్చినప్పుడే. కాబట్టి 64 ఫెయిలైన చోట 32 నెగ్గదు. చిన్న మాస్క్ ఇచ్చి ఎర్రర్ వస్తే మాత్రం డీఎంఏ మొదలుపెట్టకుండా ప్రోబ్ నుంచి ఎర్రర్‌తో బయటికి రండి.

అసలు ప్రశ్న డివైస్ నిజంగా ఎన్ని బిట్లు మోస్తుందనేది. రిజిస్టర్ 64 బిట్లుంది కాబట్టి 64 అని రాసేయడం తొందరపాటు. డేటాషీట్‌లో డిస్క్రిప్టర్ (ఒక బదిలీ వివరాలు డివైస్‌కి చెప్పే చిన్న రికార్డు) ఆకృతి చూడండి. చిరునామాకి 40 బిట్లే ఇచ్చి, మిగతా వాటిలో పొడవు, ఫ్లాగ్‌లు పెట్టిన హార్డ్‌వేర్ చాలా ఉంది. అక్కడ మాస్క్ 64 అంటే ఏదో ఒకరోజు చిరునామా 41వ బిట్ వెళ్లి ఫ్లాగ్ మీద కూర్చుంటుంది. డీఎంఏ_బిట్_మాస్క్(40) అనే చెప్పాలి.

కొన్ని ప్రమాణాలు తమ శక్తిని రిజిస్టర్‌లోనే చెబుతాయి. సాటా డిస్క్ కంట్రోలర్ల ప్రమాణమైన ఏహెచ్‌సీఐలో కేపబిలిటీ రిజిస్టర్ 31వ బిట్ 1 అయితే 64 బిట్ల చిరునామాలు చెల్లుతాయి, లేదంటే 32. యూఎస్‌బీ 3 కంట్రోలర్ల ప్రమాణమైన ఎక్స్‌హెచ్‌సీఐలో హెచ్‌సీసీపారమ్స్1 సున్నావ బిట్ ఇదే పని చేస్తుంది. ఆ బిట్‌ని ప్రోబ్‌లో చదివి మాస్క్ నిర్ణయించాలి. బిట్ అబద్ధం చెప్పే చిప్‌లు కూడా ఉన్నాయి. లినక్స్ ఏహెచ్‌సీఐ డ్రైవర్‌లో, ఎక్స్‌హెచ్‌సీఐ డ్రైవర్‌లో 32 బిట్లకే పరిమితం చేసే క్విర్క్‌లు (లోపమున్న చిప్‌ల కోసం పెట్టిన మినహాయింపులు) ఉండటానికి కారణం అదే.

శక్తి ఉన్నా వాడకపోవడమే మేలైన సందర్భానికి లినక్స్ నెట్‌వర్క్ డ్రైవర్లలోని ఏటీఎల్1సీ మంచి ఉదాహరణ. ఆ చిప్ 64 బిట్ల చిరునామాకి డీఎంఏ చేయగలదు, కానీ పై 32 బిట్ల కోసం అందరికీ కలిపి ఒకే రిజిస్టర్ ఉంది. అంటే రింగులు (డిస్క్రిప్టర్ల వరుసలు), ప్యాకెట్ బఫర్లు అన్నీ ఒకే 4 జీబీ ముక్కలో ఉండాలి. నెట్‌వర్క్ స్టాక్ నుంచి వచ్చే ప్యాకెట్ ఎక్కడుంటుందో డ్రైవర్ చేతిలో లేదు. అందుకని ఆ డ్రైవర్ 32 బిట్ల మాస్క్‌తోనే సరిపెట్టుకుంది, కారణాన్ని కోడ్ కామెంట్‌లో వివరంగా రాసింది. ఇలాంటి నిర్ణయం మీరు తీసుకున్నా కామెంట్ తప్పక రాయండి. లేకపోతే ఎవరో మంచి మనసుతో 32ని 64 చేస్తారు.

రింగ్ బేస్ రిజిస్టర్ 32 బిట్లు, డిస్క్రిప్టర్‌లోని డేటా చిరునామా 64 బిట్లు ఉన్న డివైస్‌లో రెండు మాస్క్‌లూ విడివిడిగా పెట్టండి. డీఎంఏ_సెట్_మాస్క్‌కి 64, డీఎంఏ_సెట్_కొహెరెంట్_మాస్క్‌కి 32. రింగులు కింద ఉంటాయి, డేటా ఎక్కడైనా ఉండొచ్చు, కాపీ అవసరం పడదు.

## బఫర్లు, మ్యాపింగ్

డివైస్, సీపీయూ ఎప్పుడూ కలిసి చూసే రింగులకి డీఎంఏ_అలక్_కొహెరెంట్. ఒకసారి వెళ్లి వచ్చే డేటాకి డీఎంఏ_మ్యాప్_సింగిల్, లేదా ముక్కలుగా ఉంటే డీఎంఏ_మ్యాప్_ఎస్‌జీ. ఇవి మాస్క్‌కి లోబడే చిరునామా ఇస్తాయి.

కింది మెమరీ కావాలని కేమాలక్‌కి జీఎఫ్‌పీ_డీఎంఏ32 ఇవ్వడం పనిచేయదు. కేమాలక్‌కి ఆ జోన్‌తో కాష్‌లే లేవు, కెర్నల్ హెచ్చరించి ఆ ఫ్లాగ్‌ని తీసేస్తుంది. జీఎఫ్‌పీ_డీఎంఏ ఇస్తే ఎక్స్86లో ఐఎస్ఏ కాలం నాటి 16 ఎంబీ జోన్‌లోకి వెళ్తారు. ఆ చిన్న జోన్‌ని ఖాళీ చేయడం తప్ప లాభం లేదు.

మ్యాప్ చేసిన వెంటనే డీఎంఏ_మ్యాపింగ్_ఎర్రర్‌తో పరీక్షించండి. చిరునామా సున్నా కాదు కదా అని చూడటం తప్పు. లినక్స్‌లో ఎర్రర్ విలువ అన్ని బిట్లూ 1గా ఉంటుంది, సున్నా కాదు. పైగా సున్నా కొన్ని ప్లాట్‌ఫామ్‌లలో చెల్లే చిరునామా. డీబగ్ కెర్నల్‌లో కాన్ఫిగ్_డీఎంఏ_ఏపీఐ_డీబగ్ ఆన్ చేస్తే, ఈ పరీక్ష మరిచిన చోటు, స్టాక్ మీది బఫర్‌ని మ్యాప్ చేసిన చోటు, అన్‌మ్యాప్‌లో సైజు తేడా వచ్చిన చోటు అది పట్టిస్తుంది.

హద్దుల సంగతి కూడా చూడాలి. కొన్ని డివైస్‌లు చిరునామాని పెంచుతూ పోయేటప్పుడు కింది 32 బిట్లే పెంచుతాయి. బఫర్ 4 జీబీ గీత మీదుగా పరుచుకుని ఉంటే, గీత దాటగానే డివైస్ మళ్లీ ఆ ముక్క మొదటికి పోతుంది. స్కాటర్ లిస్ట్‌లో దీన్ని అడ్డుకునే పరిమితి లినక్స్‌లో డిఫాల్ట్‌గానే 4 జీబీ. మీ హార్డ్‌వేర్ ఇంకా చిన్న గీత దాటలేకపోతే డీఎంఏ_సెట్_సెగ్_బౌండరీతో చెప్పండి. ఒక ముక్క పొడవుకి డిఫాల్ట్ పరిమితి 64 కేబీ, ఎక్కువ మోయగల డివైస్ అయితే డీఎంఏ_సెట్_మ్యాక్స్_సెగ్_సైజ్‌తో పెంచుకోవచ్చు. డీఎంఏ_అలక్_కొహెరెంట్ ఇచ్చే బఫర్ తన సైజుకి సరిపడే పేజీ ఆర్డర్‌కి అలైన్ అయి వస్తుంది, కాబట్టి ఉదాహరణకి 64 కేబీలోపు బఫర్ 64 కేబీ గీత దాటదు.

డిస్క్రిప్టర్ స్ట్రక్చర్‌లో డీఎంఏ_అడ్ర్_టీ ఫీల్డ్ ఎప్పుడూ పెట్టకండి. కాన్ఫిగ్‌ని బట్టి దాని సైజు 4 బైట్లో 8 బైట్లో అవుతుంది, హార్డ్‌వేర్ ఆకృతి మాత్రం మారదు. __ఎల్ఈ64 పెట్టి, సీపీయూ_టు_ఎల్ఈ64తో నింపండి.

## రిజిస్టర్‌లో రాసే ఆఖరి అడుగు

చిరునామాని రెండు సగాలు చేయాలంటే అప్పర్_32_బిట్స్, లోయర్_32_బిట్స్ ఉన్నాయి. చేత్తో 32 షిఫ్ట్ చేయకండి. డీఎంఏ_అడ్ర్_టీ 32 బిట్లున్న కెర్నల్‌లో 32 స్థానాలు జరపడం సీ భాషలో నిర్వచనం లేని పని. కొన్ని ప్రాసెసర్లలో సున్నా రాదు, అదే విలువ మళ్లీ వస్తుంది, పై సగంలో చెత్త చేరుతుంది. కెర్నల్ మాక్రో 16 చొప్పున రెండుసార్లు జరుపుతుంది. చూడ్డానికి వింతగా ఉన్నా కారణం ఇదే.

64 బిట్ల కెర్నల్‌లో రైట్‌క్యూ ఒకేసారి 8 బైట్లు రాస్తుంది. చాలా 32 బిట్ల ప్లాట్‌ఫామ్‌లలో అది లేదు. అక్కడ లో_హై_రైట్‌క్యూ, హై_లో_రైట్‌క్యూ అని రెండున్నాయి, పేరులో ఏది ముందుంటే ఆ సగం ముందు వెళ్తుంది. ఏది ఎంచుకోవాలో డేటాషీట్ చెప్పాలి. ఏదో ఒక సగం రాయగానే చిరునామా మొత్తాన్ని లాచ్ చేసే డివైస్‌లో ఆ సగం చివర వెళ్లాలి. తిరగేస్తే డివైస్ కొత్త సగాన్ని, పాత సగాన్ని కలిపి పట్టుకుంటుంది. రిజిస్టర్ తిరిగి చదివితే విలువ సరిగ్గానే కనబడుతుంది కాబట్టి ఇది దొరకడం కష్టం. లినక్స్ ఎన్‌వీఎంఈ డ్రైవర్ అడ్మిన్ క్యూల చిరునామాలని, హెక్సాలో 28, 30 ఆఫ్‌సెట్‌ల దగ్గర, లో_హై_రైట్‌క్యూతోనే రాస్తుంది.

పై సగం సున్నా అయినా రాయండి. 32 బిట్ల మాస్క్ పెట్టాం కదా అని పై రిజిస్టర్‌ని వదిలేస్తే, కేఎగ్జెక్ (మెషీన్ రీసెట్ కాకుండా కొత్త కెర్నల్‌లోకి వెళ్లడం) తర్వాతో, డ్రైవర్ తీసి మళ్లీ వేసినప్పుడో పాత విలువ అందులోనే ఉండిపోవచ్చు. ఫర్మ్‌వేర్ బూట్‌లో వాడి వదిలేసిన విలువ కూడా ఉండొచ్చు.

సొంతంగా ఎఫ్‌పీజీఏ ఎండ్‌పాయింట్ చేస్తున్నవాళ్లకి ఇంకో సంగతి. పీసీఐఈలో 4 జీబీ లోపు చిరునామాకి మెమరీ రిక్వెస్ట్ 3 డబుల్‌వర్డ్‌ల హెడర్‌తోనే వెళ్లాలి, పైన ఉంటే 4. పై సగం సున్నాతో 4 డబుల్‌వర్డ్‌ల హెడర్ పంపడం ప్రమాణానికి విరుద్ధం. కాబట్టి ఆర్‌టీఎల్‌లో, అంటే హార్డ్‌వేర్ డిజైన్ కోడ్‌లో, పై సగం సున్నానా కాదా చూసి హెడర్ ఎంచుకునే తర్కం ఉండాలి. అది లేని డిజైన్ ఒక మెషీన్‌లో నడిచి ఇంకో దాంట్లో ఆగిపోతుంది.

## 4 జీబీ పైన ఉన్న బార్

పెద్ద బార్‌లని ఫర్మ్‌వేర్ 4 జీబీ పైన పెట్టడం ఇప్పుడు మామూలే. 64 బిట్ల బార్ కాన్ఫిగ్ స్పేస్‌లో పక్కపక్కన ఉన్న రెండు రిజిస్టర్లు తీసుకుంటుంది. మొదటి దాంట్లో సున్నావ బిట్ 0 అంటే మెమరీ, ఆ తర్వాతి రెండు బిట్లు 10 అంటే 64 బిట్లు, 3వ బిట్ ప్రీఫెచబుల్. బార్ 0 ఇలాంటిదైతే తర్వాతి బార్ నంబరు 2. ఒకటో నంబరు మ్యాప్ చేయబోయి ఖాళీ రిసోర్స్ వచ్చిందంటే కారణం ఇదే.

ఈ బిట్లు అర్థం చేసుకోవడానికే, డ్రైవర్‌లో చదవడానికి కాదు. కాన్ఫిగ్ స్పేస్‌ని నేరుగా చదివి చిరునామా కట్టకండి, హోస్ట్ బ్రిడ్జ్ చిరునామా మార్చే ప్లాట్‌ఫామ్‌లలో అది సీపీయూ చిరునామా కాదు. పీసీఐ_రిసోర్స్_స్టార్ట్ ఫలితాన్ని రిసోర్స్_సైజ్_టీలో ఉంచండి, లేదా పీసీఐ_ఐఓమ్యాప్‌కి నంబరు ఇచ్చి వదిలేయండి.

## క్యూఈఎంయూలో కళ్లారా చూడటం

హార్డ్‌వేర్ చేతికి రాకముందే ఇదంతా సాధన చేయడానికి క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లోని ఈడీయూ అనే నేర్చుకునే డివైస్ సరిపోతుంది. క్యూ35 మెషీన్, 8 జీబీ మెమరీ, లినక్స్ 64 బిట్ల గెస్ట్ తీసుకోండి. ఆ అమరికలో 2 జీబీ కింద, మిగతా 6 జీబీ 4 జీబీ గీతకి పైన ఉంటుంది. గెస్ట్‌లో రూట్‌గా ప్రాక్ కింద ఉన్న ఐఓమెమ్ ఫైల్ చూస్తే ఈ విభజన కనబడుతుంది. రూట్ కాకపోతే చిరునామాలన్నీ సున్నాలే.

ఈడీయూ డిఫాల్ట్ డీఎంఏ మాస్క్ 28 బిట్లు, అంటే 256 ఎంబీ. కమాండ్ లైన్‌లో దాని డీఎంఏ_మాస్క్ ఆప్షన్‌కి 64 బిట్ల విలువ ఇవ్వండి. మాడ్యూల్‌లో పీసీఐ_ఎనేబుల్_డివైస్, 64 బిట్ల మాస్క్, పీసీఐ_సెట్_మాస్టర్, తర్వాత 1024 బైట్ల కొహెరెంట్ బఫర్. కెర్నల్ ముందు పై జోన్ నుంచే ఇస్తుంది కాబట్టి %పీఏడీతో ముద్రిస్తే చిరునామా హెక్సాలో 1 0000 0000 దాటి కనబడాలి.

బఫర్‌లో తెలిసిన నమూనా నింపండి. హెక్సా ఆఫ్‌సెట్ 80లో సోర్స్‌గా బఫర్ డీఎంఏ చిరునామా, 88లో గమ్యంగా 40000, అంటే ఈడీయూ లోపలి 4096 బైట్ల బఫర్. 90లో పొడవు. చివరగా 98లో 1 రాస్తే బదిలీ మొదలవుతుంది. 98 సున్నావ బిట్ మళ్లీ 0 అయ్యేదాకా ఆగండి. ఈడీయూ కావాలనే 100 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తుంది, అందుకని పోల్ మధ్యలో ఎంస్లీప్ పెట్టి, ఒక సెకను దాటితే టైమవుట్ ఇవ్వండి. ఆ తర్వాత బఫర్‌ని సున్నాలతో తుడిచి, సోర్స్ 40000, గమ్యం మీ చిరునామా పెట్టి 98లో 3 రాయండి. విలువ 2 ఉన్న బిట్ దిశని తిప్పుతుంది. నమూనా తిరిగి వచ్చిందా చూడండి.

రైట్‌క్యూతో రాస్తే వస్తుంది. ఇప్పుడు మొదటి దిశలో మాత్రమే, సోర్స్‌ని రైట్‌ఎల్‌తో రాసి చూడండి. 4 బైట్ల రైట్‌ని ఈడీయూ మొత్తం విలువగా తీసుకుంటుంది, పై సగం సున్నా అయిపోతుంది. తిరిగొచ్చేది కింది మెమరీలో ఎవరిదో డేటా. పైన చెప్పిన లోపం అచ్చంగా ఇదే. రెండో దిశలో ఈ ప్రయోగం చేస్తే గెస్ట్ మెమరీ నిజంగానే పాడవుతుంది కాబట్టి పనికొచ్చే డేటా ఉన్న వీఎంలో చేయకండి.

## బౌన్స్ బఫర్లు, ఐఓఎంఎంయూ: లోపాన్ని దాచేవీ, పట్టించేవీ

మాస్క్ చిన్నదై, బఫర్ పైన ఉండి, ఐఓఎంఎంయూ లేకపోతే కెర్నల్ స్విఓటీఎల్‌బీ వాడుతుంది. కింది మెమరీలో ముందే తీసిపెట్టిన చోటులోకి డేటా కాపీ చేసి, ఆ చిరునామా డివైస్‌కి ఇస్తుంది. డిఫాల్ట్ సైజు 64 ఎంబీ. ఒక్కో స్లాట్ 2 కేబీ, వరుసగా 128 స్లాట్‌లే ఇస్తుంది కాబట్టి ఒక మ్యాపింగ్ 256 కేబీ దాటదు. ఆ పరిమితిని డీఎంఏ_మ్యాక్స్_మ్యాపింగ్_సైజ్‌తో తెలుసుకుని మీ రిక్వెస్ట్ సైజు దానికి కుదించండి. లోడ్ పెరిగినప్పుడు లాగ్‌లో స్విఓటీఎల్‌బీ బఫర్ నిండిందని వస్తే, బూట్ పారామీటర్‌తో దాన్ని పెంచడం తాత్కాలిక ఉపశమనమే. ముందు మాస్క్ సరిగ్గా పెట్టారా చూడండి. అన్‌మ్యాప్ మరిచిపోయి స్లాట్‌లు కారిపోతున్నా ఇదే సందేశం వస్తుంది. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో స్విఓటీఎల్‌బీ డైరెక్టరీ కింద వాడుకలో ఉన్న స్లాట్‌ల లెక్క ఉంటుంది. పని ఆపేశాక కూడా అది దిగకపోతే లీక్ ఉన్నట్టే.

విడుదలకి ముందు ఒకసారి స్విఓటీఎల్‌బీ=ఫోర్స్ అని బూట్ చేసి మొత్తం పరీక్షలు నడపండి. అప్పుడు ప్రతి స్ట్రీమింగ్ మ్యాపింగ్ (డీఎంఏ_మ్యాప్_సింగిల్ లాంటిది) కాపీ ద్వారానే వెళ్తుంది. ఎక్స్86లో డీఎంఏ_సింక్_సింగిల్_ఫర్_సీపీయూ మరిచిపోయినా మామూలుగా నడిచిపోతుంది. ఇక్కడ మాత్రం పాత డేటా కనబడి తప్పు వెంటనే బయటపడుతుంది. మెమరీని ఎన్‌క్రిప్ట్ చేసే ఏఎండీ ఎస్ఈవీ గెస్ట్‌లలో స్ట్రీమింగ్ డీఎంఏ అంతా స్విఓటీఎల్‌బీ మీదుగానే పోతుంది కాబట్టి క్లౌడ్‌లో నడిచే డ్రైవర్‌కి ఈ పరీక్ష తప్పనిసరి.

ఐఓఎంఎంయూ ఆన్ చేస్తే లోపం మాయమైందనుకోవడం పెద్ద పొరపాటు. లినక్స్ పీసీఐ డివైస్‌లకి చిరునామాలు ఇచ్చేటప్పుడు, 64 బిట్ల మాస్క్ ఉన్నా, ముందు 4 జీబీ లోపలే వెతుకుతుంది. ఆ చోటు నిండేదాకా పై సగం ఎప్పుడూ సున్నాయే. మీ డ్రైవర్ పై సగాన్ని రాయడమే మరిచిపోయినా నెలల తరబడి సజావుగా నడుస్తుంది, భారీ లోడ్‌లో ఒకరోజు పడిపోతుంది.

దీన్ని మీ మేలుకి తిప్పుకోవచ్చు. ఇంటెల్ మెషీన్‌లో ఇంటెల్_ఐఓఎంఎంయూ=ఆన్, ఐఓఎంఎంయూ.ఫోర్స్‌డాక్=1 అని రెండు పారామీటర్లు ఇచ్చి బూట్ చేయండి. ఐఓఎంఎంయూ=పీటీ ఉంటే తీసేయండి, అది ఉంటే అనువాదం జరగదు. ఇప్పుడు కెర్నల్ చిరునామాలని మాస్క్ పై చివర నుంచి కిందికి ఇస్తూ వస్తుంది. ఐఓఎంఎంయూ వెడల్పుని బట్టి అవి 39 లేదా 48 బిట్ల చివరలో మొదలవుతాయి. బిట్లు పోగొట్టే డ్రైవర్ మొదటి బదిలీలోనే దొరుకుతుంది, 40 బిట్ల హార్డ్‌వేర్‌కి 64 అని చెప్పిన డ్రైవర్ కూడా దొరకొచ్చు. మెమరీ పాడవదు, డీఎంఏఆర్ పేరుతో లాగ్‌లో ఫాల్ట్ వస్తుంది. అందులోని ఫాల్ట్ చిరునామాని మీరు %పీఏడీతో ముద్రించిన దానితో పోల్చండి. పై 32 బిట్లు మొత్తం పోయాయంటే తప్పు రిజిస్టర్ రైట్‌లో. 40వ బిట్ దగ్గర కోతపడిందంటే మాస్క్‌లో. రెండిటికీ పోలికే లేదంటే అన్‌మ్యాప్ చేసేసిన పాత బఫర్‌కి డివైస్ ఇంకా రాస్తోందేమో చూడండి.

## ఆర్మ్ బోర్డులు

ర్యామ్ సున్నా నుంచి మొదలవుతుందని ఎక్కడా రాసిలేదు. ఏఎండీ సియాటిల్ ఆర్మ్ సర్వర్‌లో ర్యామ్ మొత్తం హెక్సాలో 80 0000 0000 దగ్గర, అంటే 512 జీబీ గీత దగ్గర మొదలవుతుంది. ఎస్ఎంఎంయూ (ఆర్మ్‌లోని ఐఓఎంఎంయూ) లేకుండా 32 బిట్ల డివైస్‌కి అక్కడ ఒక్క బైట్ కూడా అందదు. బౌన్స్ బఫర్ పెట్టడానికీ కింది మెమరీ లేదు.

రాస్ప్‌బెర్రీ పై 4 ఇంకో రకం. చాలా పెరిఫెరల్స్ మొదటి 1 జీబీనే చేరగలవు, తొలి బీసీఎం2711 చిప్ స్టెప్పింగ్‌లో పీసీఐఈ మొదటి 3 జీబీ దాటలేదు. 2020లో 8 జీబీ మోడల్ వచ్చింది. ఇలాంటి పరిమితి డివైస్‌ది కాదు, దాన్ని కలిపే బస్‌ది. దాన్ని డ్రైవర్‌లో రాయకూడదు. డివైస్ ట్రీలో బస్ నోడ్ కింద డీఎంఏ-రేంజెస్ ప్రాపర్టీగా రాస్తే, కెర్నల్ దాన్నీ మీ మాస్క్‌నీ కలిపి చిన్నది తీసుకుంటుంది. డ్రైవర్‌లో మాస్క్ తగ్గించి సరిచేస్తే అదే ఐపీ ఇంకో ఎస్ఓసీలోకి వెళ్లినప్పుడు కారణం తెలియకుండా నెమ్మదిస్తుంది. డీఎంఏ-రేంజెస్ రాసేటప్పుడు పేరెంట్ అడ్రస్-సెల్స్ 2 ఉందా చూడండి. 1 ఉంటే 4 జీబీ దాటిన విలువకి చోటే లేదు, సెల్‌లు పక్కకి జరిగి మొత్తం రేంజ్ తప్పుగా చదవబడుతుంది.

## యూజర్ స్పేస్‌కి ఇచ్చేటప్పుడు

యూజర్ ప్రోగ్రామ్‌కి చిరునామా ఇవ్వాల్సిన అవసరమే చాలా డ్రైవర్లకి ఉండదు. కొహెరెంట్ బఫర్‌ని చూపించాలంటే డీఎంఏ_ఎంమ్యాప్_కొహెరెంట్ ఉంది. ఇవ్వక తప్పనప్పుడు ఐఓసీటీఎల్ స్ట్రక్చర్‌లో అన్‌సైన్డ్ లాంగ్ కాకుండా __యూ64 పెట్టండి. 32 బిట్ల ఎక్స్86 ప్రోగ్రామ్‌లో 64 బిట్ల ఫీల్డ్ 4 బైట్లకి అలైన్ అవుతుంది, 64 బిట్ల కెర్నల్‌లో 8కి. __యూ32 తర్వాత __యూ64 వస్తే రెండు వైపులా ఆఫ్‌సెట్ వేరవుతుంది. మధ్యలో __యూ32 ప్యాడింగ్ ఫీల్డ్‌ని మీరే పెట్టి, అది సున్నా కాకపోతే ఐఓసీటీఎల్‌ని మైనస్ ఈఇన్వాల్‌తో తిప్పికొట్టండి.